రీజెన్సీ ప్రణయ నవల నుంచి కొత్త కథ: దుస్తులు కాదు, కట్టుబాట్లే ప్రాణం

ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ జన్మించి 2025 డిసెంబరు 16 నాటికి 250 సంవత్సరాలు నిండాయి. ఆమె జీవించింది 41 ఏళ్లు. పూర్తిచేసిన నవలలు ఆరు. ఆ ఆరు నవలలను ఆధారం చేసుకుని, లేదా వాటి కాలాన్నీ వాతావరణాన్నీ అరువు తెచ్చుకుని, తరువాతి తరాలవారు రాసిన కథలు మాత్రం లెక్కకు అందవు. లండన్ నుంచి లాహోర్ వరకు ఆ రచన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

రెండు శతాబ్దాల నాటి ఒక చిన్న దేశపు భూస్వామ్య కుటుంబాల పెళ్లి ముచ్చట్లు నేటి రచయితలను ఎందుకు ఆకర్షిస్తున్నాయి? పాత నవలను ఆధారం చేసుకున్నంత మాత్రాన కొత్త రచన అనుకరణ అవుతుందా? ఒక రచయిత పాత కథ నుంచి ఏది స్వీకరించాలి, ఏది విడిచిపెట్టాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే ముందుగా ఆ కాలాన్ని పరిచయం చేసుకోవాలి.

రీజెన్సీ అంటే

ఇంగ్లాండు రాజు మూడవ జార్జి మతిస్థిమితం కోల్పోయిన కారణంగా 1811 ఫిబ్రవరి 5న యువరాజు రాజప్రతినిధిగా పాలనా బాధ్యతలు స్వీకరించాడు. ఆంగ్లంలో రాజప్రతినిధిని రీజెంట్ అంటారు. 1820 జనవరి 29న తండ్రి మరణించి, తాను నాలుగవ జార్జిగా రాజయ్యేంతవరకు సాగిన ఆ తొమ్మిదేళ్లే రీజెన్సీ. సాహిత్యంలో, వస్త్రధారణలో ఈ పేరును మరికొంత విశాలంగా వాడుతుంటారు.

ఆస్టిన్ నవలలు వెలుగుచూసింది సరిగ్గా ఈ కాలంలోనే. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ 1811లో, ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో, ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ 1814లో, ‘ఎమ్మా’ 1815 చివరలో వచ్చాయి. మిగిలిన రెండు నవలలు ఆమె మరణానంతరం 1817 డిసెంబరులో వెలువడ్డాయి. బతికి ఉండగా ఏ పుస్తకం మీదా ఆమె పేరు అచ్చు కాలేదు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను ఆమె ప్రచురణకర్తకు 110 పౌండ్లకు అమ్ముకుంది.

అదే కాలంలో మన తెలుగునాట ఏం జరుగుతున్నదో ఒక్కసారి గుర్తు చేసుకుంటే పోలిక తేలికవుతుంది. ఉత్తర సర్కారులు అప్పటికే ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నాయి. 1800లో నిజాం అప్పగించిన దత్తమండలాలకు థామస్ మన్రో కలెక్టరుగా పనిచేశాడు. తెలుగు భాషకు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ మద్రాసులో అడుగుపెట్టిన 1817లోనే అక్కడ ఇంగ్లాండులో ఆస్టిన్ కన్నుమూసింది.

పెళ్లే జీవనాధారం

రీజెన్సీ నవల అనగానే నాట్యశాలలు, గుర్రపు బగ్గీలు, పలుచని మస్లిన్ గౌనులు మన కళ్లముందు మెదులుతాయి. నవలను నడిపించేవి అవి కావు. దానిని నడిపించేది ఆస్తి చట్టం.

ఆ కాలపు ఇంగ్లాండులో పెళ్లయిన స్త్రీకి తన పేరిట ఆస్తి ఉంచుకునే హక్కు సాధారణ చట్టం కింద లేదు. ఆమె ఆస్తి భర్తకు చెందేది. ఈ పరిస్థితి 1870, 1882 సంవత్సరాల చట్టాలతో గాని మారలేదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప, మళ్లీ పెళ్లి చేసుకునే వీలు కల్పించే విడాకులు లభించేవి కావు. గౌరవ కుటుంబంలో పుట్టి, చేతిలో డబ్బులేని అమ్మాయికి ఉన్న దారులు మూడు: పెళ్లి, పరాయి ఇంట పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం, లేదా సోదరుల దయ.

దీనికి తోడు ‘ఎంటెయిల్’ అనే ఏర్పాటు ఒకటి ఉండేది. దాని ప్రకారం భూమి చీలిపోకుండా వంశంలోని మగవారికే సంక్రమించాలి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెన్నెట్ దంపతులకు ఐదుగురు కూతుళ్లు. ఏడాదికి రెండు వేల పౌండ్ల రాబడి ఉన్న ఎస్టేటు తండ్రి పోగానే కాలిన్స్ అనే బంధువు పరమవుతుంది. మన భాషలో చెప్పాలంటే ఆస్తి దాయాదికి పోతుంది. ఈ ఒక్క నిబంధన వల్లనే బెన్నెట్ గృహిణి ఆరాటం హాస్యంగా కనిపిస్తూనే న్యాయమైన భయంగా కూడా వినిపిస్తుంది. ఏడాదికి పదివేల పౌండ్ల రాబడి ఉన్న డార్సీని ఎలిజబెత్ మొదటిసారి తిరస్కరించినప్పుడు ఆమె పణంగా పెట్టింది తన రేపటి కూడు, గూడు.

ఆస్టిన్‌కు ఇది సొంత అనుభవమే. 1802 డిసెంబరులో సంపన్న కుటుంబానికి చెందిన ఒక యువకుడు పెళ్లి ప్రస్తావన తెస్తే ఆమె అంగీకరించి, మర్నాడు ఉదయమే ఆ మాట వెనక్కు తీసుకుంది. 1805లో తండ్రి మరణించాక తల్లి, అక్కలతో కలిసి సోదరుల సహాయం మీద బతకవలసి వచ్చింది. 1809లో సోదరుడు ఎడ్వర్డ్ చాటన్ గ్రామంలో ఒక ఇల్లు ఇచ్చిన తరువాతనే ఆమె రచనలు వరుసగా అచ్చుకు వెళ్లాయి. అందుకే ఆమె ప్రణయకథల్లో ప్రేమ ఎంత ఉందో లెక్కాపత్రమూ అంతే ఉంటుంది.

హేయర్ వేసిన బాట

ఆస్టిన్ రాసింది తన కాలపు కథలు. చారిత్రక నవలలు కావు. రీజెన్సీని గడిచిపోయిన కాలంగా చూసి, దానిలో ప్రణయ కథలు అల్లే ప్రత్యేక నవలా శాఖకు రూపం ఇచ్చినది మరొక ఆంగ్ల రచయిత్రి జార్జెట్ హేయర్. 1935లో ఆమె రాసిన ‘రీజెన్సీ బక్’తో ఈ శాఖ మొదలైందని సాధారణంగా చెబుతారు. 1974లో మరణించే వరకు ఆమె ఈ కాలం మీద నవలలు రాస్తూనే వచ్చింది.

హేయర్ బలం పరిశోధన. బగ్గీల రకాలు, టోపీల ధరలు, సైనిక దళాల పేర్లు, ఆనాటి యువకులు వాడే యాస, ఇవన్నీ ఆమె నోటు పుస్తకాల్లో వర్గాలుగా రాసుకునేది. 1815 నాటి వాటర్లూ యుద్ధం నేపథ్యంగా 1937లో ఆమె రాసిన ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’లోని యుద్ధ వర్ణనకు చారిత్రక కచ్చితత్వం ఉందని పేరు వచ్చింది.

ఆమె విజయం వెంటే ఒక సమస్య కూడా వచ్చింది. తరువాతి రచయితలు చాలామంది రీజెన్సీ కాలాన్ని చదవడం మాని హేయర్‌ను చదివి రాయడం మొదలుపెట్టారు. ప్రైవేటుగా అచ్చయిన ఒక జ్ఞాపకాల గ్రంథంలో మాత్రమే తనకు దొరికిన ఒక నానుడి మరొకరి నవలలో ప్రత్యక్షమైనప్పుడు, అది తన పుస్తకం నుంచే వెళ్లిందని హేయర్ గుర్తుపట్టింది. నకలుకు నకలు తీస్తే అక్షరం మసకబారుతుందన్నది జిరాక్సు యంత్రానికే కాదు, సాహిత్యానికీ వర్తిస్తుంది.

హేయర్ ప్రపంచానికి మరో లోపం ఉంది. 1950 నాటి ‘ది గ్రాండ్ సోఫీ’లో వడ్డీ వ్యాపారి పాత్రను ఆమె యూదుల పట్ల ద్వేషం నిండిన మూసలో చిత్రించింది. ఆ నవలను అభిమానించే పాఠకులు సైతం ఆ ఘట్టం దగ్గర ఇబ్బంది పడతారు. పాత పుస్తకం నుంచి ప్రేరణ పొందేవారు దాని పక్షపాతాలను కూడా తెలియకుండానే మోసుకురాగలరని ఈ ఉదాహరణ హెచ్చరిస్తుంది.

కొత్త రచయితల దారులు

పాత నవలను కొత్తగా రాసేవారు ప్రధానంగా మూడు దారుల్లో నడిచారు.

మొదటిది కొనసాగింపు. ఆస్టిన్ అసంపూర్తిగా విడిచిన ‘ది వాట్సన్స్’ ఆధారంగా ఆమె అన్నకూతురు కేథరిన్ హబ్బాక్ 1850లోనే ‘ది యంగర్ సిస్టర్’ అనే నవల రాసింది. అంటే ఈ సంప్రదాయం ఆస్టిన్ ఇంట్లోనే మొదలైంది. ఈ దారిలోనే అపరాధ పరిశోధక నవలా రచయిత్రి పి.డి. జేమ్స్ 2011లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో, ‘డెత్ కమ్స్ టు పెంబర్లీ’ రాసింది. ఎలిజబెత్, డార్సీల కాపురంలోకి ఒక హత్య కేసును తీసుకొచ్చింది.

రెండవది, అదే ఇంటిని మరో తలుపు నుంచి చూడడం. జో బేకర్ 2013లో రాసిన ‘లాంగ్‌బర్న్’ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో కథానాయిక బెన్నెట్ వారింటి పనిమనిషి సారా. మూల నవలలో ఎలిజబెత్ బురదదారుల్లో నడిచి వెళ్లడం ఆమె స్వేచ్ఛకు గుర్తు. బేకర్ నవలలో ఆ బురద పట్టిన లంగాలు ఉతికే చేతులు మనకు కనిపిస్తాయి. ఆ చేతులు చలికి పగిలి ఉంటాయి. మూలంలోని ఒక్క సంఘటననైనా ఆమె మార్చలేదు. చూసే చోటు మార్చింది, అంతే.

ఆ చోటు మారినప్పుడు మరికొన్ని సంగతులు కూడా బయటపడతాయి. ఆ ఎస్టేట్ల ఐశ్వర్యంలో కొంత భాగం కరీబియన్ చెరకు తోటల్లో బానిసల శ్రమ నుంచి వచ్చింది. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో గాని రాలేదు. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఇంటి యజమానికి ఆంటిగ్వా ద్వీపంలో ఆస్తి ఉంటుంది. కథానాయిక ఫానీ బానిసల వ్యాపారం గురించి అడిగినప్పుడు ఇంట్లో అందరూ మౌనం వహిస్తారు. 1993లో ఎడ్వర్డ్ సయీద్ తన ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’ గ్రంథంలో ఈ నవలను ఈ కోణం నుంచి చర్చించిన తరువాత, ఆ మౌనాన్ని పట్టించుకోకుండా రీజెన్సీ కథ రాయడం ఎవరికీ సులభం కాలేదు.

ఆ మౌనంలో మన దేశానికీ వాటా ఉంది. ఆస్టిన్ మేనత్త ఫిలడెల్ఫియా పెళ్లి సంబంధం వెతుక్కుంటూ ఓడెక్కి భారతదేశానికి వచ్చి, 1753లో కడలూరులో కంపెనీ వైద్యుడిని పెళ్లాడింది. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లోని కల్నల్ బ్రాండన్ మన దేశంలో సైనిక సేవ చేసి వెళ్లినవాడే. ‘నార్తాంగర్ ఆబీ’లో యువకుడు హెన్రీ భారతీయ మస్లిన్ బేరమాడడంలో తన నేర్పు గురించి చెప్పుకుంటాడు. ఆ నవలల్లోని గౌనుకు నూలు ఎక్కడిది అని అడిగితే దారి మన నేతగాళ్ల మగ్గం దగ్గరికే వస్తుంది.

మూడవ దారి, కథను పూర్తిగా మరో దేశానికి, మరో కాలానికి తరలించడం. మన ప్రాంతంలో ఎక్కువ ఫలించినది ఇదే.

దక్షిణాసియా గడ్డ మీద

రాజీవ్ మేనన్ దర్శకత్వంలో 2000 సంవత్సరంలో తమిళంలో వచ్చిన ‘కండుకొండేన్ కండుకొండేన్’ తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో విడుదలై మన ప్రేక్షకులకూ చేరువైంది. దానికి మూలం ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. మూలంలో పెద్దాయన ఆస్తి ఏర్పాటు వల్ల తల్లి, కూతుళ్లు ఇల్లు విడిచి వెళతారు. సినిమాలో తాతగారి వీలునామా ఆ పని చేస్తుంది. చెట్టినాడు భవంతిలో పెరిగిన అమ్మాయిలు చెన్నైలో ఉద్యోగం వెతుక్కుంటారు. కల్నల్ బ్రాండన్ స్థానంలో శ్రీలంకలో శాంతిసేనలో పనిచేసి కాలు పోగొట్టుకున్న సైనికాధికారి వస్తాడు. మూల కథ తెలియనివారు కూడా ఆ సినిమాను తమ కథగా చూశారంటే కారణం, దర్శకుడు ప్రతి నిబంధనకూ మన జీవితంలో సమానమైన నిబంధనను వెతికి పెట్టడమే.

పాకిస్తానీ మూలాలున్న సోనియా కమాల్ 2019లో రాసిన ‘అన్‌మ్యారియేజబుల్’ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ఇటీవలి పాకిస్తాన్‌లో నిలబెట్టింది. అందులో కథానాయిక బడిలో ఆంగ్లం బోధించే ఉపాధ్యాయిని. చదువు, ఉద్యోగం ఉన్నా పెళ్లికాని కూతురు కుటుంబానికి భారమన్న మాట ఆ సమాజంలో ఇంకా వినిపిస్తుంది. ఆ నవలకు ఊపిరి అదే.

దీనికి భిన్నమైన అనుభవం ‘బ్రిడ్జర్టన్’ది. అమెరికా రచయిత్రి జూలియా క్విన్ నవలల ఆధారంగా 2020 డిసెంబరులో మొదలైన ఈ ధారావాహిక రెండవ భాగం 2022లో వచ్చింది. నవలలోని షెఫీల్డ్ కుటుంబాన్ని అందులో భారతదేశం నుంచి వచ్చిన శర్మ కుటుంబంగా మార్చారు. రీజెన్సీ నాట్యశాలలో ముదురు చాయ అమ్మాయి కథానాయికగా నిలవడం ఎందరికో ఆనందం కలిగించింది. అయితే ఒకే ఇంట్లో తండ్రిని ‘అప్పా’ అని, అక్కను ‘దీదీ’ అని, చెల్లెలిని ‘బోన్’ అని పిలవడం విని భారతీయ ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. తమిళం, హిందీ, బెంగాలీ ఒకే కుటుంబపు నోట కలిసిపోయాయి. పిలుపు అన్నది అలంకారం కాదని, ఒక కుటుంబం ఎక్కడిదో చెప్పే చిరునామా అని మనకు తెలుసు.

వరసల చిక్కు

తెలుగులో ఇలాంటి కథ రాయబూనినవారికి ఎదురయ్యే మొదటి సమస్య కూడా ఈ పిలుపులే.

‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ చివర ఫానీ ఎడ్మండ్‌ను పెళ్లాడుతుంది. వారి తల్లులు అక్కాచెల్లెళ్లు. మన లెక్కలో ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్లు. ఇంగ్లాండులో ఆమోదం పొందిన ఆ ముగింపును తెలుగు పాఠకుడు జీర్ణించుకోలేడు. డార్సీకి తన కూతురినిచ్చి చేయాలని లేడీ కేథరిన్ పట్టుబడుతుంది. డార్సీ తల్లి ఆమెకు సోదరి. అదీ మనకు కుదరని వరసే. ఇక దాయాది అయిన కాలిన్స్ ఎలిజబెత్‌కు అన్నో తమ్ముడో అవుతాడు గాని పెళ్లికొడుకు కాలేడు. దీనికి విరుద్ధంగా ‘ఎమ్మా’లో చిక్కే లేదు. నైట్లీ ఎమ్మా అక్క భర్తకు అన్న. తెలుగింట అయితే ఆమె మొదటి పేజీ నుంచే ఆయనను ‘బావగారూ’ అని పిలిచి ఉండేది. పాఠకుడికి ముగింపు ముందే తెలిసిపోయేది.

రెండవ సమస్య మన్నన. ఆంగ్లంలో అందరికీ ఒకటే సంబోధన. దూరాన్ని, దగ్గరతనాన్ని ఆస్టిన్ పేర్ల ద్వారా చూపుతుంది. పెద్దకూతురికి ఇంటిపేరుతో ‘మిస్ బెన్నెట్’ అన్న పిలుపు, చెల్లెలికి సొంత పేరుతో ‘మిస్ ఎలిజబెత్’ అన్న పిలుపు వర్తిస్తాయి. తెలుగులో ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు మారే ఒక్క క్షణం ఆ పనినంతా చేయగలదు. ఇది మన భాషకున్న సౌలభ్యం. అనువాద ధోరణిలో రాసేవారు దీనిని వృథా చేస్తారు.

మూడవది ఆస్తి. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు కల్పించింది. కేంద్రం 2005లో దేశమంతటికీ ఆ హక్కును విస్తరించింది. కనుక నేటి తెలుగు కథలో ఎంటెయిల్‌ను ఉన్నదున్నట్టు దించడం పొసగదు. అయితే రాష్ట్ర సవరణలో ఒక మినహాయింపు ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో ఆ ఏడాది వేసవిలో పెళ్లయిన అక్కకు ఆ హక్కు లేకపోవడం, పెళ్లి ఆలస్యమైన చెల్లెలికి ఉండడం సాధ్యమే. ఆ ఇద్దరి మధ్య ఒక సంక్రాంతి పండుగను ఊహిస్తే చాలు, ఆస్టిన్ చేపట్టదగిన కథావస్తువు మన కళ్లముందే కనిపిస్తుంది.

మన తొలి నవలల పాఠం

పరాయి నవల నుంచి సొంత కథ పుట్టించడం మనకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను మొదట అనువదించబూనారు. ఆ పని విడిచిపెట్టి, దాని ప్రేరణతో గోదావరి తీరపు కుటుంబ కథగా ‘రాజశేఖర చరిత్రము’ రాశారు. 1878లో ధారావాహికగా, 1880లో పుస్తకంగా వెలువడిన ఆ రచన తొలి తెలుగు నవలల్లో ఒకటిగా నిలిచింది. తిరిగి 1887లో ఆంగ్లంలోకి అనువాదమై లండన్ చేరింది. మలయాళంలోనూ ఇదే జరిగింది. బెంజమిన్ డిజ్రేలీ నవల ‘హెన్రియెటా టెంపుల్’ను అనువదించబోయి, అది మలయాళ పాఠకులకు అందదని గ్రహించి, ఒ. చందు మేనన్ 1889లో ‘ఇందులేఖ’ రాశారు.

ఆ ఇద్దరూ అనువాదం దగ్గర ఆగిపోవడానికి కారణం భాష చాలకపోవడం కాదు. ఇంగ్లాండులో ఒక అమ్మాయిని ఇరుకున పెట్టే కట్టుబాటు వేరు, రాజమహేంద్రవరంలో ఇరుకున పెట్టేది వేరు. మూలాన్ని వదిలిపెట్టిన చోటే సొంత నవల మొదలైంది.

ఆ తరువాతి కాలంలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వంటి నవలల్లో సంపన్నుడైన నాయకుడు, ఆత్మాభిమానం గల మధ్యతరగతి అమ్మాయి ఎదురెదురుగా నిలిచారు. ఆస్టిన్‌ను చదివినవారికి ఆ ఘర్షణ పరిచితంగా తోస్తుంది. అయితే ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తుంది, జీతం తెచ్చుకుంటుంది. ఆ తేడాలోనే ఆ కాలపు తెలుగు పాఠకురాలు తనను తాను చూసుకుంది.

రాయదలచినవారికి

చట్టపరంగా ఒక సంగతి గమనించాలి. ఆస్టిన్ నవలలపై ఎవరికీ హక్కులు లేవు. ఆమె పాత్రలను ఎవరైనా వాడుకోవచ్చు. హేయర్ సంగతి వేరు. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి ఏడాది నుంచి 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. కనుక ఆమె రచనలకు భారతదేశంలో 2034 చివరి వరకు రక్షణ ఉంది. ఒక కాలాన్ని, దాని ఆచారాలను ఎవరైనా కథావస్తువుగా తీసుకోవచ్చు. ఆమె పాత్రలను, వాక్యాలను మాత్రం తీసుకోకూడదు.

మిగిలినది రచయిత విచక్షణ. కథలోని అమ్మాయి ‘కాదు’ అంటే ఆమె ఏం పోగొట్టుకుంటుంది? ఆ నష్టాన్ని నిర్ణయించేది ఏ చట్టం, ఏ ఆచారం, ఎవరి మాట? ఆ ఇంటి భోగానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు తన ఊరి నుంచి, తన కాలం నుంచి సమాధానం చెప్పగలిగిన రచయితకు మస్లిన్ గౌను అవసరం లేదు. సమాధానం లేనప్పుడు ఎన్ని గౌనులు తొడిగినా అది వేషమే అవుతుంది.

కూతురి పెళ్లి గురించి, ఇంటి ఆస్తి గురించి, నలుగురి మాట గురించి మన ఇళ్లలో సంభాషణలు ఇంకా ముగియలేదు. రెండు వందల ఏళ్ల నాటి ఒక ఆంగ్ల గ్రామం కథ మనకు ఇంకా పనికివస్తున్నదంటే కారణం అదే.